జిమ్‌లో మొదటి రెండు నెలలు: ఎత్తడానికి ముందు దించడం నేర్చుకోండి

జిమ్‌లో కొత్తగా చేరినవాళ్ళకి బరువు ఎలా ఎత్తాలో మొదటి రోజే ఎవరో ఒకరు చూపిస్తారు. ఎత్తలేకపోతే ఎలా బయటపడాలో మాత్రం చాలామంది చెప్పరు. కొత్తవాళ్ళు దెబ్బలు తగిలించుకునేది చాలాసార్లు అక్కడే. రాడ్డు ఛాతీ మీద ఇరుక్కుంటుంది, చేయి అలసిపోయి డంబెల్ పక్కకి జారుతుంది, సెట్టు (ఆగకుండా వరసగా చేసే ఒక విడత) అయ్యాక ప్లేట్లన్నీ ఒకవైపే తీసేస్తే రాడ్డు తిరగబడుతుంది. అందుకే ఇక్కడ ప్రతి కసరత్తుకీ దిగే దారి కూడా చెప్పాం. కొన్నింటికి అదే ముందు చెప్పాం.

బీపీ, గుండె జబ్బు, హెర్నియా, నడుములో డిస్కు సమస్య, ఈమధ్యే అయిన ఆపరేషన్, గర్భం. వీటిలో ఏదున్నా డాక్టర్‌ని అడిగాకే రండి.

సామాను బరువు తెలుసుకోవడం

రాడ్డుకి కూడా బరువుంటుందని మర్చిపోయేవాళ్ళు చాలామంది. పోటీల్లో వాడే ఒలింపిక్ రాడ్డు 20 కిలోలు, పొడవు 2.2 మీటర్లు. ఆడవాళ్ళ పోటీ రాడ్డు 15 కిలోలు. పట్టుకునే చోట అది 28 మిల్లీమీటర్లుంటే ఇది 25, కాబట్టి చిన్న చేతులకి బాగా పట్టు దొరుకుతుంది. ఈ రెండింటికీ ప్లేట్లు ఎక్కించే చివరలు 50 మిల్లీమీటర్ల మందంతో లావుగా ఉంటాయి. ఆ చివరి నుంచి ఈ చివరికి ఒకటే సన్నం అయితే అది పాతరకం రాడ్డు, దాని బరువు చాలా తక్కువ. గల్లీ జిమ్ముల్లో రెండు రకాలూ పక్కపక్కనే ఉంటాయి. అనుమానమొస్తే అక్కడి వెయింగ్ మెషిన్ మీద ఒకసారి ఊరికే, ఇంకోసారి రాడ్డు పట్టుకుని నిలబడండి. తేడా ఎంతొస్తే అదే రాడ్డు బరువు.

ప్లేటు మీద అంకె కిలోల్లో ఉందా, పౌండ్లలో ఉందా చూడండి. పౌండ్లలో 10 అంటే నాలుగున్నర కిలోలే. ఒకవైపు అది, ఇంకోవైపు కిలోల 10 పడిందంటే రాడ్డు ఐదున్నర కిలోలు ఒకవైపుకి లాగుతుంది. రంగు, సైజు ఒకేలా ఉన్నాయి కదా అని ఎక్కించేస్తే జరిగేది ఇదే.

స్టాండు మీదున్న రాడ్డుకి ప్లేట్లు ఎక్కించేటప్పుడూ, తీసేటప్పుడూ ఒకవైపు ఒకటి, మరోవైపు ఒకటి. కుడివైపు మొత్తం ఖాళీ చేసి ఎడమవైపుకి నడిచేలోపు రాడ్డు తక్కెడలా లేస్తుంది. తేలికపాటి పాత రాడ్డయితే పది పదిహేను కిలోల తేడాకే లేవచ్చు, చివర ఎవరి మొహానికి తగులుతుందో చెప్పలేం. ఎక్కించాక ప్లేట్లు జారకుండా రెండువైపులా లాకులు పెట్టండి. ఒక్క బెంచ్ ప్రెస్ దగ్గర మాత్రం దీనికో మినహాయింపుంది, అక్కడికొచ్చాక చెప్తాం.

మెషిన్లలో బరువు ఎంచుకునే పిన్ను అరకొరగా కాకుండా చివరిదాకా దూరాలి. సగం దూరిన పిన్ను సెట్టు మధ్యలో జారితే బరువుల దొంతర మొత్తం దడాలున పడుతుంది. ఇంకో సంగతి, ఈ జిమ్‌లో కేబుల్ మీద లాగిన 30, ఆ జిమ్‌లో 30 ఒకటి కావు. కప్పీలు ఎన్నున్నాయి, తీగ ఎంత రాసుకుంటోంది అన్నదాన్ని బట్టి చేతికొచ్చే బరువు మారుతుంది. జిమ్ మారితే అంకెలు మళ్ళీ మొదటినుంచి రాసుకోండి.

రన్నింగ్ షూస్‌లో మెత్తటి అట్ట బరువు కింద ఊగుతుంది. అడుగు బల్లపరుపుగా, గట్టిగా ఉండే కాన్వాస్ బూట్లు మేలు. చెప్పులతో వద్దు. ఉంగరాలు ఇంట్లోనే పెట్టి రండి, రాడ్డుకీ ఉంగరానికీ మధ్య చర్మం నలుగుతుంది.

ఒళ్ళు వేడెక్కించడం, ఊపిరి బిగించడం

సైకిలో, ట్రెడ్‌మిల్లో అయిదు నుంచి పది నిమిషాలు, చెమట మొదలయ్యేదాకా చాలు. ఆ తర్వాత ఏ కసరత్తు చేస్తున్నారో దాన్నే తేలిగ్గా చేయాలి. ఉదాహరణకి ఈరోజు 40 కిలోలతో చేయాలంటే ఖాళీ రాడ్డుతో 10 సార్లు, 30 కిలోలతో 5 సార్లు, అప్పుడు 40. కదలకుండా నిమిషాల తరబడి కండ సాగదీసే స్ట్రెచింగ్ బరువులెత్తేముందు అక్కర్లేదు, అయిపోయాక చేసుకోండి.

ఊపిరి సంగతి జాగ్రత్తగా చదవండి. బరువు కదలకముందే పొట్ట నిండా గాలి పీల్చి, ఎవరో పొట్టలో గుద్దబోతున్నట్టు చుట్టూతా బిగించాలి. పొట్ట లోపలికి పీల్చడం కాదు, నడుముకి కట్టిన బెల్టు మీదికి నాలుగువైపులా తోసినట్టు ఉండాలి. ఆ బిగుతుతోనే కిందికి దిగి, పైకి వచ్చేటప్పుడు కష్టమైన భాగం దాటాక గాలి వదలాలి. ఇలా బిగిస్తే కాసేపు బీపీ బాగా పెరుగుతుంది. కాబట్టి బీపీ ఉన్నవాళ్ళు ఊపిరి బంధించకుండా, తోసేటప్పుడే మెల్లగా వదులుతూ తేలిక బరువులతో చేయాలి.

స్క్వాట్

తాలింఖానాల కాలం నుంచీ దండీలు, బస్కీలు మనకి కొత్త కాదు. ముందు మడమలు లేవకుండా 15 బస్కీలు తీయండి. రాకపోతే వీపు మీద రాడ్డు ఇప్పుడే వద్దు. నేలమీద గొంతుక్కూర్చునే అలవాటున్నవాళ్ళకి ఇది సులువే. కుర్చీలకీ కమోడ్లకీ అలవాటుపడిన చీలమండలు మొదట మొరాయిస్తాయి. అప్పుడు మడమల కింద చెరో 2.5 కిలోల ప్లేటు పెట్టి చేయండి, వారాలు గడిచేకొద్దీ అవి తీసేయొచ్చు.

తర్వాతి మెట్టు గాబ్లెట్ స్క్వాట్. 5 నుంచి 10 కిలోల డంబెల్‌ని నిలువుగా, రెండు అరచేతులతో కలశంలా ఛాతీకి ఆనించి పట్టుకోండి. పాదాలు భుజాల వెడల్పు, కాలివేళ్ళు కాస్త బయటికి. మోకాళ్ళు వేళ్ళు చూపించే వైపుకే పోవాలి, లోపలికి కూలకూడదు. తొడ నేలకి సమాంతరం అయ్యేదాకా దిగి లేవండి. చేయలేకపోతే డంబెల్ ముందర నేలమీద పెట్టేస్తే అయిపోయింది. మొదటి నెలకి ఇంతకన్నా మంచి కాళ్ళ కసరత్తు లేదన్నది మా లెక్క. 12 కిలోలతో మూడు సెట్లు, సెట్టుకి పన్నెండు శుభ్రంగా వస్తేనే రాడ్డు దగ్గరికి వెళ్ళండి.

రాడ్డుతో చేసే రోజున ముందు స్టాండు ఎత్తు సరిచేయండి. కొక్కేలు ఛాతీ మధ్యకి రావాలి. మునివేళ్ళ మీద లేచి రాడ్డు తీయాల్సి వస్తోందంటే కొక్కెం ఎత్తు ఎక్కువైనట్టే. అలసిపోయి తిరిగి పెట్టేటప్పుడు ఆ రెండంగుళాలే అందవు. తర్వాత సేఫ్టీ రాడ్లు, అంటే లేవలేకపోతే బరువుని ఆపడానికి స్టాండుకి రెండువైపులా పెట్టేవి. ఖాళీ రాడ్డుతో పూర్తిగా దిగి, అది ఎక్కడిదాకా వచ్చిందో చూసి, దానికి ఒక రంధ్రం కింద పెట్టండి. లేవలేకపోతే ముందుకి వంగకుండా ఇంకొంచెం దిగితే బరువు వాటి మీద కూర్చుంటుంది, మీరు ముందుకి జారిపోవచ్చు. ఇది ఖాళీ రాడ్డుతో నాలుగైదుసార్లు కావాలనే చేసి చూడండి. నవ్వేవాళ్ళు నవ్వనీ.

రాడ్డు మెడ ఎముక మీద కాదు, దాని కింద భుజాల కండ మీద ఉండాలి. రెండు మూడు అడుగులే వెనక్కి. సెట్టయ్యాక ముందుకి నడిచి, రాడ్డు రెండు స్తంభాలకీ తగిలిన చప్పుడు విన్నాకే దించండి. తల పక్కకి తిప్పి కొక్కెం కోసం వెతికితే ఒకవైపు ఎక్కి ఒకవైపు తప్పుతుంది.

బెంచ్ ప్రెస్

కొత్తవాళ్ళకి మోజెక్కువ, ప్రమాదమూ ఎక్కువ ఉన్న చోటు ఇదే కాబట్టి దీని దగ్గర కాస్త ఆగుదాం.

బెంచ్ మీద పడుకుంటే కళ్ళు సరిగ్గా రాడ్డు కిందికి రావాలి. ఇంకా పైకి జరిగితే తోసిన ప్రతిసారీ కొక్కేలకి తగులుతుంది, కిందికి జరిగితే తీసేటప్పుడే భుజం లాగేస్తుంది. భుజపు రెక్కలు రెండూ వెనక్కి, కిందికి లాగి బెంచ్‌లోకి నొక్కండి. పిరుదులు బెంచ్ మీదే, పాదాలు నేలమీదే. బొటనవేలు తప్పకుండా రాడ్డు చుట్టూ తిరగాలి. దాన్ని కూడా మిగతా వేళ్ళవైపే పెట్టి పట్టుకునేవాళ్ళుంటారు, చెమట చేతుల్లోంచి రాడ్డు జారిందంటే ఆపడానికి ఏమీ ఉండదు. రాడ్డు అరచేతి అడుగుభాగంలో, మణికట్టు ఎముకకి సూటిగా పైన కూర్చోవాలి. వేళ్ళ మొదళ్ళలో పట్టుకుంటే మణికట్టు వెనక్కి వంగి కొన్నాళ్ళకి నొప్పి మొదలవుతుంది.

రాడ్డు తీశాక భుజాల మీదికి తెచ్చి ఒక క్షణం ఆపండి. రెండు మూడు సెకన్లు తీసుకుంటూ ఛాతీ కిందిభాగానికి దించండి. మోచేతులు శిలువలా అడ్డంగా చాచొద్దు, అలాగని ఒంటికి అతికించొద్దు, ఒంటి నుంచి 45 నుంచి 70 డిగ్రీల మధ్య ఉంటే భుజానికి హాయి. ఛాతీని తాకించి తోయండి, ఎగరేయొద్దు.

ఇప్పుడు దిగే దారి. మొదటిది, పవర్ ర్యాక్‌లో (నాలుగు స్తంభాల స్టాండు) చేస్తుంటే సేఫ్టీ రాడ్లు ఛాతీ కన్నా కొంచెం కింద, గొంతు కన్నా పైన ఉండేలా పెట్టడం. రెండోది, సపోర్ట్‌కి మనిషి. "అన్నా, ఒక సపోర్ట్ ఇస్తారా? ఎనిమిది కొడతా, ఆగిపోతేనే పట్టుకోండి" అని లెక్కతో సహా ముందే చెప్పండి. చెప్పకపోతే మొదటిసారి నుంచే రాడ్డు కింద వేళ్ళు పెట్టి లాగుతూ, "నువ్వే కొడుతున్నావ్ తమ్ముడూ" అంటారు. ఆరోజు మీరు ఎంతెత్తారో మీకూ తెలీదు, ఆయనకీ తెలీదు. మూడోది, ఒంటరిగా, సేఫ్టీ రాడ్లు లేని బెంచ్ మీద చేయాల్సి వచ్చినప్పుడు. ఇదే ఇందాకటి మినహాయింపు, లాకులు పెట్టకండి. ఇరుక్కుంటే ఒకవైపుకి వంచితే ప్లేట్లు జారి పడతాయి, వెంటనే రాడ్డు రెండోవైపుకి తిరగబడుతుంది, ఆ ప్లేట్లూ పడతాయి. చప్పుడు ఊరంతా వినపడుతుంది, చుట్టుపక్కల ఎవరూ ఉండకూడదు, కానీ మెడ మిగులుతుంది. వీటిలో ఏదీ కుదరకపోతే ఆరోజు డంబెల్స్‌తోనో, చెస్ట్ ప్రెస్ మెషిన్ మీదో చేయండి.

డెడ్‌లిఫ్ట్ కన్నా ముందు తుంటి దగ్గర మడత

గోడకి వీపుపెట్టి ఒక అడుగు ముందుకి జరిగి నిలబడండి. మోకాళ్ళు కాస్తే మడిచి, వీపు బల్లలా ఉంచి, పిరుదులు వెనక్కి తోస్తూ గోడని తాకించండి. తొడల వెనక లాగినట్టు తెలుస్తుంది. నాట్లు వేసేటప్పుడు వంగే వంపు కాదిది. అక్కడ వీపు గుండ్రంగా వంగుతుంది, ఇక్కడ మడత తుంటి దగ్గర. ఇది వస్తే రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ వచ్చినట్టే. ఖాళీ రాడ్డుని తొడలకి రాసుకుంటూ మోకాళ్ళ కిందిదాకా దించి, మళ్ళీ నిటారుగా లేవడం. రాడ్డు కాళ్ళకి దూరంగా పోయిందంటే ఆ బరువంతా నడుం మోస్తుంది.

నేల నుంచి ఎత్తే డెడ్‌లిఫ్ట్ రెండో నెలలో. అక్కడ గల్లీ జిమ్ముల్లో ఒక చిక్కుంది. పోటీ ప్లేటు అడ్డకొలత 45 సెంటీమీటర్లు, అంటే రాడ్డు నేలకి ఇరవై రెండున్నర సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. చిన్న ఇనప ప్లేట్లతో అది ఇంకా కిందికి పోతుంది, దాన్ని అందుకోవడానికే వీపు వంగిపోతుంది. రెండువైపులా కింద వేరే ప్లేట్లో, చెక్క దిమ్మలో సమానంగా పేర్చి ఎత్తు పెంచుకోండి. రాడ్డు పాదం మధ్యకి సూటిగా పైన ఉండాలి, మోకాలి కింద ముందువైపు ఎముకకి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో. చేతులు పట్టాక ఆ ఎముకని ముందుకి తెచ్చి రాడ్డుకి ఆనించండి, ఛాతీ ఎత్తండి, ఊపిరి బిగించండి, కాళ్ళతో నేలని తోయండి. దించేటప్పుడు ముందు తుంటి వెనక్కి, రాడ్డు మోకాలు దాటాకే మోకాళ్ళ మడత.

టీవీలో చూసి బరువు పైనుంచి వదిలేయడం నేర్చుకోకండి. పోటీల్లో వేదికా, రబ్బరు ప్లేట్లూ దానికోసమే ఉంటాయి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో (ఒకే ఊపులో తలపైకి) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల మీదికి, తర్వాత తలపైకి) 130 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఆ స్థాయిలో కూడా దించమని సిగ్నల్ రాకముందే బరువు వదిలేస్తే ఆ ప్రయత్నం లెక్కలోకి రాదు.

మిగతావి

లాట్ పుల్‌డౌన్‌లో, అంటే పైనున్న రాడ్డుని కూర్చుని కిందికి లాగే మెషిన్‌లో, తొడల మీది దిండు బిగుతుగా ఉండాలి, లేకపోతే బరువే మిమ్మల్ని లేపుతుంది. రాడ్డుని కాలర్ ఎముక దాకా లాగండి, మెడ వెనక్కి వద్దు. మోచేతులు జేబుల్లోకి దించుతున్నట్టు అనుకుంటే 'వింగ్స్' (వీపు పక్క కండలు) పనిచేస్తాయి, లేకపోతే బైసెప్స్ ఒక్కటే అలసిపోతుంది. అయ్యాక కూర్చున్నచోటే రాడ్డు వదిలేయకుండా, పట్టుకుని నిలబడి దొంతరని మెల్లగా దించండి. సీటెడ్ రోలో (కూర్చుని కేబుల్‌ని పొట్టవైపు లాగడం) నడుం ఊపకండి, ఊపాల్సి వస్తే పిన్ను ఒక మెట్టు పైకి మార్చండి.

డంబెల్ షోల్డర్ ప్రెస్‌కి డంబెల్స్ ముందు తొడల మీద నిలబెట్టి, ఒక్కో మోకాలితో తన్ని భుజం మీదికి తెచ్చుకోవాలి. దించేది కూడా అదే దారిలో, తొడల మీదికే. చేతులు చాచి పక్కలకి పడేస్తే భుజం కీలు లాగేస్తుంది, పక్కవాడి పాదం సంగతి సరేసరి.

ఏటవాలు లెగ్ ప్రెస్‌లో బండి (కాళ్ళతో తోసే పలక) బరువే ముప్ఫై నలభై కిలోలు దాటి ఉండొచ్చు, కాబట్టి ముందు ఖాళీగా తోసి చూడండి. 45 డిగ్రీల వాలులో మీ కాళ్ళ మీద పడేది మొత్తంలో దాదాపు 70 శాతం. లెగ్ ప్రెస్‌లో 150 తోసినవాళ్ళు స్క్వాట్‌లో 60కి తడబడటానికి ఇదో కారణం. పిరుదులు సీటు నుంచి లేవడం మొదలైతే అక్కడే ఆపాలి, అంతకన్నా దిగితే నడుం వంగుతుంది. పైన మోకాళ్ళు పూర్తిగా బిగించొద్దు. లాకు పిడి ఎక్కడుందో, ఏ వైపుకి తిరుగుతుందో తోయకముందే చేత్తో తిప్పి చూసుకోండి.

వారం, బరువు, లెక్క

వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు విరామం. చెస్ట్‌కొక రోజు, బైసెప్స్‌కొక రోజు అని ఆరు రోజులకి పంచడం కొత్తవాళ్ళకి దండగ. ఒకే కదలికని వారంలో రెండు మూడుసార్లు చేస్తేనే ఒంటికి పట్టుబడుతుంది.

మొదటి రకం రోజు: గాబ్లెట్ స్క్వాట్, బెంచ్ ప్రెస్, సీటెడ్ రో, 30 సెకన్ల ప్లాంక్ (మోచేతులు, మునివేళ్ళ మీద ఒంటిని బల్లలా నిలిపి ఉంచడం) మూడుసార్లు.
రెండో రకం రోజు: రొమేనియన్ డెడ్‌లిఫ్ట్, డంబెల్ షోల్డర్ ప్రెస్, లాట్ పుల్‌డౌన్, లెగ్ ప్రెస్.

సోమవారం మొదటిది, బుధవారం రెండోది, శుక్రవారం మళ్ళీ మొదటిది. వచ్చే సోమవారం రెండోదానితో మొదలు. ఒక్కోటి 3 సెట్లు, సెట్టుకి 8 నుంచి 12. పెద్ద కసరత్తుల మధ్య రెండు నిమిషాలైనా ఆగండి. ముక్కాలు గంటలో, గంటలో అయిపోతుంది.

ఎంత బరువుతో మొదలుపెట్టాలి? సెట్టు ఆపేసరికి ఇంకో మూడు శుభ్రంగా చేయగలను అనిపించాలి. బెంచ్‌కి ఖాళీ రాడ్డు చాలు. 20 కిలోలు కూడా బరువనిపిస్తే చెరో 5 కిలోల డంబెల్, అందులో సిగ్గేమీ లేదు. షోల్డర్ ప్రెస్‌కి చెరో 3 నుంచి 5 కిలోలు, లాట్ పుల్‌డౌన్‌కి 15 నుంచి 25. ఆడవాళ్ళకీ పద్ధతి ఇదే. కిలో డంబెల్స్‌తో యాభైసార్లు ఊపిస్తున్నారంటే ఆ ట్రైనర్‌ని మార్చుకోండి.

మూడు సెట్లలోనూ 12 వస్తే బరువు పెంచి, మళ్ళీ 8 దగ్గర మొదలుపెట్టాలి. ఎంత పెంచాలన్నదే తిరకాసు. 1.25 కిలోల ప్లేట్లుంటే రాడ్డుకి మొత్తం 2.5 పెరుగుతుంది. చాలా జిమ్ముల్లో అన్నిటికన్నా చిన్నది 2.5 ప్లేటే, అంటే ఒకేసారి 5 కిలోలు. డంబెల్స్‌లో 5 తర్వాత 7.5 అయితే అది ఏకంగా సగం పెంచినట్టు. అలాంటిచోట 12 దగ్గర ఆగకుండా 15 దాకా వెళ్ళాకే పైదానికి మారండి. ఇవన్నీ గుర్తుండవు. తేదీ, కసరత్తు, బరువు, ఎన్ని వచ్చాయి అన్న నాలుగు గళ్ళు గీసిన చిన్న నోటుబుక్కు ఫోన్ కన్నా మేలు, మధ్యలో రీల్స్ రావు.

నొప్పులు, తిండి

కండంతా మొద్దుగా, రెండువైపులా ఒకేలా నొప్పి పుట్టడం మామూలే. మర్నాడు మొదలై రెండు మూడు రోజుల్లో పోతుంది, తేలిగ్గా నడుస్తూ ఉండండి. కీలులో గుచ్చినట్టు, ఒకవైపే, లేదా కాల్లోకో చేతిలోకో తిమ్మిరి పాకినట్టు ఉంటే ఆ కసరత్తు ఆపి డాక్టర్‌కి చూపించండి. మొదటిరోజే వందల బస్కీలు తీసి, కండలు వాచి, మూత్రం కాఫీ రంగులో వచ్చిందంటే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్ళాలి. కండ కరిగి రక్తంలో కలిసి కిడ్నీల మీద పడే పరిస్థితి అది.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల్లో మామూలు మనిషికి రోజుకి కిలో ఒంటిబరువుకి 0.83 గ్రాముల ప్రొటీన్ చెప్పింది. బరువులెత్తేవాళ్ళు 1.6 దాకా తింటే కండకి ఉపయోగం. 60 కిలోల మనిషికి అది 95 గ్రాముల చిల్లర. పప్పన్నం ఒక్కదానితో అంత రాదు. గుడ్డుకి 6 గ్రాములు, పావు లీటరు పాలకి 8, వంద గ్రాముల పచ్చి చికెన్ బ్రెస్ట్‌కి 22, యాభై గ్రాముల ఎండు సోయా చంక్స్‌కి 26. వీటితో అందకపోతేనే పౌడర్, అది కూడా తిండే, మందు కాదు. ట్రైనర్ ఇంజెక్షన్ మాటెత్తితే ఆ జిమ్‌కి మళ్ళీ వెళ్ళకండి.

సంక్రాంతికి ఊరెళ్ళి రెండు వారాలు మానేశారనుకోండి. వచ్చిన మొదటిరోజు నోటుబుక్కులో చివరి అంకె చూసి దానికి 10 నుంచి 20 శాతం తగ్గించండి. 40 ఉంటే 32.5 లేదా 35 వేయండి, సెట్లు మూడు కాకుండా రెండు. వారం రోజుల్లో పాత అంకెకి వచ్చేస్తారు.